ఫలితం చేరిన గడపకే దిద్దుబాటూ చేరాలి: బాలల వికాస పరిశోధకులకు బహిరంగ లేఖ

బాలల వికాసం, కుటుంబ సంబంధాల మీద పరిశోధన చేస్తున్న ఆచార్యులకు, వారి దగ్గర పనిచేస్తున్న యువ పరిశోధకులకు, ఈ పరిశోధనలకు నిధులు సమకూరుస్తున్న సంస్థల బాధ్యులకు

నమస్కారం.

నేను మనస్తత్వ శాస్త్రం చదువుకున్న మనిషిని కాను. ఐదేళ్ళ కిందట మీలాంటి ఒక బృందం చేపట్టిన అధ్యయనంలో, అప్పటికి నాలుగేళ్ళు నిండిన మా అబ్బాయితో కలిసి పాల్గొన్న తల్లిని. ఆ బృందం పేరు గానీ, సంస్థ పేరు గానీ ఇక్కడ చెప్పను. ఒకరిని వేలెత్తి చూపడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇళ్ళలోకి వచ్చి మా పిల్లలను, మా మాటలను, మా అలవాట్లను కొలుచుకుని వెళ్ళే శాస్త్రం ఆ ఇళ్ళకు తిరిగి ఏమి బాకీ పడి ఉందో మీ అందరి ముందూ ఉంచాలని రాస్తున్నాను.

ఆ రోజు జరిగినది ముందు చెప్పాలి. మమ్మల్ని కూర్చోబెట్టిన గది చిన్నది. రెండు కుర్చీలు, పైకప్పు మూలలో కెమెరా, ఒక గోడకు పెద్ద అద్దం. నేల మీద మూత గట్టిగా బిగించిన ప్లాస్టిక్ డబ్బా, అందులో పైకి కనిపిస్తున్న ఎర్రరంగు బొమ్మ కారు. నన్ను ఒక ఫారం నింపుతూ కూర్చోమన్నారు; బాబు సాయం అడిగితే "నాకు పనుంది, కాసేపు ఆగు" అని మాత్రమే అనమన్నారు. వాడు మూతను గోళ్ళతో లాగాడు, డబ్బాను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని తిప్పాడు, చివరికి పళ్ళతో కూడా పట్టి చూశాడు. రెండుసార్లు నా వైపు చూశాడు. మూడోసారి లేచి వచ్చి, ఏమీ అనకుండా, నేను రాస్తున్న కాగితం మీద అరచేయి పెట్టాడు. ఆ చేతిని నెమ్మదిగా పక్కకు జరిపి, చెప్పమన్న మాటే చెప్పి, మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. అద్దం అవతల ఎవరో ఆ క్షణానికి ఏదో ఒక గడిలో టిక్కు పెట్టుకుని ఉంటారు. ఆ గడి పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. బయటికి వచ్చాక చెప్పులు వేసుకుంటూ వాడు "అమ్మా, నా మీద కోపమొచ్చిందా?" అని అడిగాడు.

అధ్యయనం పూర్తయ్యాక ఫలితాల సారాంశాన్ని ఇంటికి పంపుతామని మేము సంతకం చేసిన సమ్మతి పత్రంలో రాసి ఉంది. ఏడాది గడిచాక ఒకసారి, ఆ తర్వాత మరోసారి ఈమెయిల్ పంపాను. విశ్లేషణ జరుగుతోందని ఒక్కసారి జవాబు వచ్చింది. మూడోసారి రాస్తే ఆ చిరునామా ఇప్పుడు వాడుకలో లేదని తిరిగొచ్చింది. మాతో ఎంతో మర్యాదగా మాట్లాడిన ఆ యువ పరిశోధకురాలు చదువు ముగించుకుని వెళ్ళిపోయి ఉంటుంది. ఆమె తప్పేమీ లేదని నాకు తెలుసు. కానీ మాట ఇచ్చింది ఆమె ఒక్కతే కాదు.

ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తూనే నేను చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒక విషయం నన్ను పట్టుకుని వదలలేదు. పిల్లల గురించి మీరు కనిపెట్టిన సంగతి ఇళ్ళకు చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. పత్రికలు, టీవీలు, బడి సమావేశాలు దాన్ని మోసుకొస్తాయి. ఆ సంగతి తప్పని తేలినప్పుడు, లేదా అందులో సగమే నిజమని తేలినప్పుడు, ఆ తేలిన మాట మాత్రం మీ పరిశోధన పత్రికల్లోనే ఉండిపోతుంది. మొదటిది గడప దాటి వచ్చి తల్లిదండ్రుల గుండెల్లో కూర్చుంటుంది. రెండోది వీధి మలుపు దగ్గరే ఆగిపోతుంది.

ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదు. మనసు లోపలి సంగతులను వదిలి, బయటికి కనిపించే ప్రవర్తననే చూడాలనే ప్రవర్తనావాదానికి ఆద్యుడిగా పేరుపొందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ వాట్సన్ 1928లో తల్లిదండ్రుల కోసం రాసిన పుస్తకంలో, పిల్లలను ముద్దులాడవద్దని, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దని, మరీ తప్పకపోతే రాత్రి పడుకునేముందు నుదుటి మీద ఒక్క ముద్దు పెట్టి, పొద్దున లేచాక కరచాలనం చేస్తే చాలునని బోధించారు. శాస్త్రం చెప్పింది కదా అని పాటించినవాళ్ళు ఉన్నారు. తీగలతో చేసిన బొమ్మతల్లి దగ్గర పాలు దొరుకుతున్నా, కోతిపిల్లలు మెత్తని గుడ్డ చుట్టిన బొమ్మతల్లినే కరుచుకుని ఉంటాయని హ్యారీ హార్లో 1958లో చూపించేసరికి మధ్యలో 30 ఏళ్ళు గడిచిపోయాయి. ఆ 30 ఏళ్ళలో ఒళ్ళు దొరకని పసివాళ్ళు అప్పటికే పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళ తల్లుల ఇళ్ళకు వెళ్ళి, మేము పొరబడ్డామని చెప్పినవాళ్ళెవరూ లేరు.

ఆటిజం విషయంలో జరిగినది ఇంతకంటే బాధాకరం. పిల్లల మనోవైద్యుడు లియో కానర్ 1943లో ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాస్తూ, వాళ్ళ తల్లిదండ్రులలో ఆప్యాయత తక్కువగా కనిపించిందని కూడా గమనించారు. ఆ గమనిక పెరిగి పెరిగి, తల్లి మనసు గడ్డకట్టుకుపోవడం వల్లే బిడ్డ ఇలా అయ్యాడనే సిద్ధాంతంగా తయారైంది. తన కొడుకుకే ఆటిజం ఉన్న మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్, ఇది తల్లుల తప్పు కాదని, మూలం శరీర నిర్మాణంలో ఉందని 1964లోనే సవిస్తరంగా రాశారు. అయినా 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఒక పుస్తకంతో అదే నిందను సామాన్య పాఠకుల ముందుకు తీసుకొచ్చారు. వరస గమనించండి: సమాధానం ముందే వచ్చింది, నింద తర్వాత వచ్చింది, అయినా ఇళ్ళలోకి పోయింది నిందే. 1969లో కానర్ తల్లిదండ్రుల సభలో నిలబడి మిమ్మల్ని నిర్దోషులుగా ప్రకటిస్తున్నానని అన్నారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ 21 జతల కవలలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జతలలో నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జతలలో ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. వంశపారంపర్యమైన మూలం ఉన్నదని దానితో తేటతెల్లమైంది. కానర్ ప్రకటన ఆ సభలో కూర్చున్నవాళ్ళు విన్నారు. ఆ సభకు రాని తల్లి, బిడ్డను సరిగ్గా ఎత్తుకోలేదేమోనని రాత్రిళ్ళు తనను తాను తవ్వుకుంటూ గడిపిన తల్లి, ఎవరి నోట వినాలి?

పత్రికలవాళ్ళు అతిశయోక్తులు రాస్తే మేమేం చేస్తామని మీరు అనవచ్చు. అందులో కొంత న్యాయం ఉంది. తల్లిదండ్రులుగా మేమూ తొందరపడతాం. ఒక్క వాక్యంలో చెప్పేస్తే దాన్నే పట్టుకుంటాం. అయినా మార్ష్‌మాలో పరీక్ష కథను ఒకసారి మొదటినుంచీ తలుచుకోండి. 1960ల చివర స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు ఒక తీపి ముక్క పెట్టి, నేను తిరిగొచ్చేదాకా ఆగితే రెండు ఇస్తానని చెప్పి వెళ్ళేవారు. ఎక్కువసేపు ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని తర్వాత తేలింది. 1990 నాటి పత్రంలో ఆయన బృందమే, నమూనా చిన్నది కాబట్టి ఈ సంబంధం ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతూ ఉండవచ్చునని జాగ్రత్త చెప్పింది. ఆ జాగ్రత్త ఎవరికీ చేరలేదు. తీపి ముక్క మాత్రం ప్రపంచమంతా తిరిగింది. మా అబ్బాయి బడిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో కూడా అది వచ్చింది. ఆగలేని పిల్లల భవిష్యత్తు ఏమిటో ఇప్పుడే తెలిసిపోతుందన్నట్టు చెబుతుంటే, వెనక వరసలో ఒక తండ్రి తన కూతురి తల మీద చెయ్యి వేసి, ఆ పిల్ల కాళ్ళు ఊపడాన్ని ఆపడం నేను చూశాను.

2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావొనన్ క్వాన్ 900 మందికి పైగా పిల్లల సమాచారంతో ఇదే విషయాన్ని మళ్ళీ పరిశీలించారు. సంబంధం మొదట చెప్పినదానిలో సగమే ఉంది. కుటుంబ పరిస్థితులను, పసితనంలోని సామర్థ్యాలను, ఇంటి వాతావరణాన్ని లెక్కలోకి తీసుకున్నాక మిగిలినదానిలోనూ మూడింట రెండు వంతులు తగ్గిపోయింది. అంతకు ముందే, 2013లో, సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు 28 మంది పిల్లలతో చేసిన ప్రయోగం నాకు మరీ ముఖ్యమనిపించింది. తీపి ముక్క పెట్టేముందు, మంచి రంగులు తెస్తానని ఒక పెద్దమనిషి పిల్లలకు మాట ఇస్తారు. సగం మందికి మాట నిలబెట్టుకుంటారు, మిగతా సగం మందికి క్షమించు, లేవని చెబుతారు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర మూడు నిమిషాలే. ఆగడం ఒక్క పిల్లవాడి గుణం కాదన్నమాట. ఎదురుగా ఉన్న పెద్దవాళ్ళ మాట మీద ఎంత భరోసా ఉందో కూడా అందులో ఉంది. బడి సమావేశంలో ఈ రెండో కథ ఎవరూ చెప్పలేదు. ఆ తండ్రికి ఇది ఎవరు చెబుతారు?

ఇక్కడ మా ఇంటి ప్రశ్నావళి గురించి చెప్పాలి. ల్యాబ్‌కు వెళ్ళకముందు ఇంటికి వచ్చి నింపించుకున్న ఆ కాగితాలలో మొదటి పేజీలోనే ఒక ప్రశ్న ఉంది: "పిల్లవాడిని ప్రధానంగా చూసుకునేది ఎవరు? ఒక్కరి పేరే రాయండి." దాని కింద ఒకే గీత. నేను పెన్ను పట్టుకుని ఆగిపోయాను. వాడిని నిద్రపుచ్చేది మా మామయ్యగారు. జ్వరం వస్తే వాడు నన్ను వెతుక్కుంటాడు. మాటలు నేర్పింది, నిజం చెప్పాలంటే, వాడికంటే ఆరేళ్ళు పెద్దదైన మా అమ్మాయి. స్నానం వాళ్ళ నాన్న చేయిస్తేనే ఏడవకుండా చేస్తాడు. నేను తటపటాయించడం చూసి మామయ్యగారు "నా పేరెందుకమ్మా, నీ పేరు రాసెయ్యి, వాళ్ళకు కావలసింది అదే" అన్నారు. రాసేశాను. ఆ గీత మీద నా పేరు పడిన క్షణంలో ముగ్గురు మనుషులు మా అబ్బాయి జీవితం నుంచి, మీ లెక్కల్లోనైనా, తప్పుకున్నారు.

ఆ గీత పొడవు ఎంతో ఆ తర్వాత చదివినదాన్ని బట్టి అర్థమైంది. తండ్రులను ఈ శాస్త్రం మరచిపోయిందని మైకేల్ లాంబ్ 1975లోనే గుర్తుచేశారు. 1995లో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ 42 కుటుంబాలలో నెలకొకసారి గంటసేపు మాటలు రికార్డు చేసి, పేద ఇళ్ళ పిల్లలు నాలుగేళ్ళు వచ్చేసరికి సంపన్నుల ఇళ్ళ పిల్లలకంటే మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని అంచనా వేశారు. ప్రభుత్వ సాయంతో బతుకుతున్న కుటుంబాలు ఆ 42లో ఆరు మాత్రమే. అంత పెద్ద అంకె అంత చిన్న పునాది మీద నిలబడిందని ఆ అంకెను విన్నవాళ్ళలో చాలామందికి తెలియదు. 2018లో డగ్లస్ స్పెర్రీ, లిండా స్పెర్రీ, పెగ్గీ మిల్లర్ మరికొన్ని సమాజాలలో ఇదే పని చేసి, ఇంట్లోని ఇతరులు బిడ్డతో అన్న మాటలను, బిడ్డ చుట్టూ పెద్దలు తమలో తాము అనుకున్న మాటలను కూడా లెక్కపెట్టారు. ఆ అంతరం అలాగే కనిపించలేదు. ఒకే ఆర్థిక స్థాయిలోని ఇళ్ళ మధ్యే ఎంతో తేడా ఉంది. ఎవరి మాట లెక్కించాలో ముందే తేల్చుకున్నవారికి, మిగతా ఇల్లంతా మౌనంగా ఉన్నట్టే కనిపిస్తుంది. అన్నట్టు, జెఫ్రీ ఆర్నెట్ 2008లో ఆరు ప్రముఖ మనస్తత్వ శాస్త్ర పత్రికలను పరిశీలించి, వాటిలో అధ్యయనానికి తీసుకున్నవారిలో 96 శాతం ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారని చూపించారు. ఒక్క గీత ఉన్న ప్రశ్నావళి ఎలాంటి ఇళ్ళను చూసి తయారైందో వేరే చెప్పనక్కరలేదు.

మీరు చేసినదంతా తప్పేనని అనడానికి ఈ జాబితా చెప్పడం లేదు. ఈ శాస్త్రం మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఇంత చదివాను. మేరీ ఐన్స్‌వర్త్ బాల్టిమోర్‌లో 26 కుటుంబాలను ఎలా చూశారో చదివినప్పుడు ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాను. బిడ్డ పుట్టిన మూడు వారాల నుంచి ఏడాది నిండేదాకా, మూడు వారాలకొకసారి, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలపాటు ఆ ఇంట్లో కూర్చుని చూశారు. ఒక్కో కుటుంబానికి ఇంచుమించు 72 గంటలు. తల్లి గది వదిలి వెళ్ళి తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తాడో చూసే ఆ ప్రసిద్ధమైన 20 నిమిషాల పరీక్షకు అర్థం వచ్చింది ఆ 72 గంటల వల్ల. తర్వాత వచ్చినవారిలో చాలామంది ఆ 20 నిమిషాలను ఉంచుకుని, 72 గంటలను వదిలేశారు. ఖర్చు ఎక్కువ, కాలం ఎక్కువ, పత్రం త్వరగా అచ్చవదు. మీ ఇబ్బందులు నేను ఊహించగలను. కానీ 20 నిమిషాలు చూసి తల్లీబిడ్డల అనుబంధానికి ఇచ్చిన పేరు, చూసినవాళ్ళకు సమూహాల సగటుల్లో ఒక అంకె కావచ్చు గానీ, ఆ పేరు చెవిన పడిన ఇంట్లో అది జాతకంలా మిగిలిపోతుంది.

ఒక్కో బిడ్డ ఫలితాన్ని విడిగా చెప్పలేమని, మీ కొలతలు గుంపులకే గానీ ఒక్కరికి వర్తించవని మీరు అంటారు. ఆ మాట నేను పూర్తిగా ఒప్పుకుంటాను. నాకు కావలసింది సరిగ్గా ఆ మాటే. "మీ అబ్బాయి గురించి, మీ గురించి ఈ గది ఏమీ తేల్చలేదు" అని ఆ రోజు బయటికి వస్తున్నప్పుడు ఎవరైనా ఒక్క వాక్యం చెప్పి ఉంటే, నేను ఐదేళ్ళపాటు ఆ అరచేతిని తలుచుకుంటూ ఉండేదాన్ని కాదు. మీలో కొందరు ఇలాంటి మాటలు ధైర్యంగా చెప్పారు కూడా. బాల్యంలోని కష్టాలను లెక్కపెట్టే స్కోరుకు 1998లో పునాది వేసినవారిలో ఒకరైన రాబర్ట్ ఆండా, ఆ స్కోరుతో ఒక్కొక్క మనిషి భవిష్యత్తును అంచనా వేయవద్దని 2020లో సహచరులతో కలిసి హెచ్చరించారు. అనుబంధాల మీద పనిచేసే 70 మంది పరిశోధకులు, తమ వర్గీకరణలను కుటుంబ న్యాయస్థానాల్లో తప్పుగా వాడుతున్నారని 2021లో ఉమ్మడిగా ప్రకటన రాశారు. ఇవి గొప్ప పనులు. అయితే ఆ హెచ్చరిక చదవవలసినవాళ్ళు బడుల్లో, ఆసుపత్రుల్లో, ఇళ్ళలో ఉన్నారు.

ఎడ్వర్డ్ ట్రానిక్ పనిని గురించి కొంచెం నిదానంగా చెప్పనివ్వండి, ఎందుకంటే నా ఉత్తరమంతా అందులోనే ఉంది. 1970లలో ఆయన రూపొందించిన ప్రయోగంలో తల్లి కాసేపు బిడ్డతో ఆడుకుని, ఉన్నట్టుండి ముఖం బిగించుకుని కదలకుండా కూర్చుంటుంది. బిడ్డ నవ్వుతుంది, వేలు చూపిస్తుంది, చేతులు చాస్తుంది, అరుస్తుంది, చివరికి ముఖం తిప్పుకుంటుంది. ఆ వీడియో చూసిన తల్లులు లెక్కలేనంతమంది. చూసి, ఫోన్ పట్టుకున్న ప్రతి నిమిషానికీ తమను తాము తిట్టుకున్నవాళ్ళు అంతేమంది. కానీ ట్రానిక్ బృందమే మరో సంగతి కనిపెట్టింది. బాగా సాగుతున్న ఆటలో కూడా తల్లీబిడ్డల భావాలు ఒకరికొకరివి కలిసి ఉండేది దాదాపు 30 శాతం సమయంలోనే. మిగతా సమయమంతా తప్పిపోవడం, మళ్ళీ దారిలోకి రావడం. బిడ్డ బలపడేది ఎప్పుడూ తప్పిపోని తల్లి దగ్గర కాదు. తప్పిపోయాక మళ్ళీ కలుసుకోవచ్చునని పదే పదే చవిచూడటం వల్ల. ఈ రెండో సగం మా ఇళ్ళకు చేరి ఉంటే ఎంతమంది తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకునేవారో మీరు ఆలోచించారా? ఆ రోజు ల్యాబ్ మెట్ల మీద "నా మీద కోపమా?" అని అడిగినప్పుడు, నేను వాడిని దగ్గరికి తీసుకుని, అది ఆట అని, వాళ్ళు అలా అనమన్నారని చెప్పాను. మీ కెమెరా అప్పటికి ఆగిపోయింది. మా మధ్య జరిగిన అసలు సంగతి మెట్ల మీద జరిగింది.

చెప్పకుండా ఉండటం ఎంతదూరం పోగలదో మీ చరిత్రలోనే ఉంది. 1939లో అమెరికాలోని అయోవాలో వెండెల్ జాన్సన్ పర్యవేక్షణలో 22 మంది అనాథ పిల్లలతో ఒక ప్రయోగం జరిగింది. అందులో చక్కగా మాట్లాడుతున్న కొందరు పిల్లలకు నీకు నత్తి వస్తోందని చెప్పి, మాట్లాడినప్పుడల్లా తప్పులు పట్టారు. అది ప్రయోగమని వాళ్ళకు తెలిసింది 2001లో, ఒక పాత్రికేయుడి ద్వారా. విశ్వవిద్యాలయం ఆ ఏడే క్షమాపణ చెప్పింది. 60 ఏళ్ళు వాళ్ళు తమ నోటినే అనుమానించుకుంటూ బతికారు. ఇవాళ్టి మీ నియమాలు అలాంటివాటిని జరగనివ్వవని నాకు తెలుసు. కానీ సమ్మతి పత్రం మొదటి రోజు సంతకంతో పూర్తయిపోతుందని అనుకున్నంతకాలం, చెప్పకుండా వదిలేసే అలవాటు చిన్న రూపంలో బతికే ఉంటుంది.

చెప్పినప్పుడు ఏం జరుగుతుందో కూడా మీ చరిత్రే చూపిస్తోంది. జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఒంటరిగా గడిపిన రెండేళ్ళ పాపను చిత్రీకరించారు. తల్లిదండ్రులు వస్తే పిల్లలు ఏడుస్తారని, అందుకే రానివ్వకూడదని బ్రిటన్ ఆసుపత్రులు నమ్మిన రోజులవి. ఆ చిత్రం చూసి వైద్యులు మొదట మండిపడ్డారు. 1959లో ఆసుపత్రుల్లో పిల్లల బాగోగులను పరిశీలించిన ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను అడ్డులేకుండా రానివ్వాలని సిఫారసు చేసింది; ఆసుపత్రులు కదలకపోతే, 1961లో తల్లులే సంఘంగా ఏర్పడి ఒక్కో వార్డు తలుపూ తెరిపించారు. ఇవాళ జబ్బుపడిన బిడ్డ మంచం పక్కన తల్లి పడుకోగలుగుతోందంటే ఆ పరిశోధన ఇళ్ళకు చేరడం వల్లే. హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం నడివయసు దాకా చూసింది కాబట్టే, ఎన్నో కష్టాల మధ్య పెరిగినవారిలో దాదాపు మూడోవంతు నిండైన మనుషులుగా ఎదిగారని, వారి వెనక తల్లో, తండ్రో, అవ్వో, పొరుగింటి మనిషో, కనీసం ఒక్కరు స్థిరంగా నిలబడి ఉన్నారని మనకు తెలిసింది. ఆ ఒక్కరి పేరు ఎవరిదైనా కావచ్చు. ఒకే గీత ఇచ్చి తల్లి పేరే రాయమని ఉంటే అది బయటపడేదే కాదు.

అందుకని నా విన్నపాలు ఇవి. నిధులిచ్చే పెద్దలారా, మీరు ఒక అధ్యయనానికి డబ్బు మంజూరు చేసేటప్పుడు, పాల్గొన్న కుటుంబాలకు ఫలితాలను వాళ్ళ భాషలో, వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో తిరిగి చెప్పడానికయ్యే ఖర్చును బడ్జెట్‌లో విడిగా పెట్టించండి. ఆ పని పూర్తయిందని రుజువు చూపిన తర్వాతే చివరి విడత ఇవ్వండి. విద్యార్థి చదువు ముగించి వెళ్ళిపోయినా, ఆ కుటుంబాల చిరునామాల బాధ్యత సంస్థ మీదే ఉండేలా చూడండి. మూడేళ్ళలో ముగిసే పనులకే డబ్బు ఇస్తూ, సంబంధాల గురించి తెలుసుకోవాలని ఆశించడం కుదరదు.

పరిశోధకులారా, ప్రశ్నావళిలో ఆ ఒక్క గీతను చెరిపేసి ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ చోటివ్వండి. మీ ఫలితాన్ని పత్రికా ప్రకటనగా విడుదల చేసేటప్పుడు, ఇది ఒక్కొక్క బిడ్డ గురించి ఏమి చెప్పలేదో మొదటి పేరాలోనే రాయండి. ఆఖరి పేరాలో రాస్తే మా దాకా రాదు. మీ పాత ఫలితాన్ని కొత్త అధ్యయనం సవరించినప్పుడు, మొదటిసారి ఎవరెవరికి చెప్పారో వాళ్ళందరికీ, అంతే గట్టిగా, మళ్ళీ చెప్పండి. పాల్గొన్న కుటుంబాలకు ముందు చెప్పండి. మీ సవరణను మేము మీ ఓటమిగా చూడం. తప్పిపోయాక తిరిగి రావడమే నమ్మకాన్ని పెంచుతుందని మాకు నేర్పింది మీరే.

పిల్లలకు కూడా చెప్పండి. తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉన్నదని 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణంలో ఉంది. నాలుగేళ్ళ వాడికి సమ్మతి పత్రం చదివి వినిపించలేరు, నిజమే. కానీ ఆట అయిపోయాక మోకాళ్ళ మీద కూర్చుని, ఇది ఎందుకు చేశామో వాడి మాటల్లో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. వాడు పెద్దవాడయ్యాక, తాను ఎందులో పాల్గొన్నాడో తెలుసుకునే దారి ఒకటి ఉంచండి.

మా అబ్బాయికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ గదిలో కెమెరా ఉందని గానీ, అద్దం ఉందని గానీ వాడికి గుర్తు లేదు. ఎర్ర కారు గుర్తుంది. ఈ ఉత్తరం రాస్తుంటే పక్కన కూర్చుని చూసి, ఎవరికి రాస్తున్నానని అడిగాడు; చెప్పాను. అయితే వాళ్ళను ఇది కూడా అడగమన్నాడు: ఆ డబ్బా మూత నిజంగా ఊడొచ్చేదేనా, లేక ఎవరు లాగినా రాకుండా బిగించి పెట్టారా? నేను జవాబు చెప్పలేకపోయాను. అది మీ రికార్డుల్లో ఎక్కడో ఉంటుంది. వాడికి రాయండి.

ఇట్లు,
మీ అధ్యయనాలలో ఒకదానిలో పాల్గొన్న పిల్లవాడి తల్లి